రెక్క చూడండి, నీటిమట్టం చూడండి: ఒరెగాన్, వాషింగ్టన్ తెలుగువారికి బహిరంగ లేఖ

ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోని తెలుగు సంఘాల పెద్దలకు, వాట్సాప్ గ్రూపులు నడిపే అడ్మిన్లకు, శనివారం వస్తే గాలం కారులో వేసుకుని తీరానికి బయల్దేరే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు,

నమస్కారం.

నేను పుట్టింది కోనసీమలో, గోదావరి గట్టు పక్కన. పద్నాలుగేళ్ళుగా హిల్స్‌బరోలో ఉంటున్నాను. ఇక్కడి నదుల్లో ఏ చేప ఉంచుకోవాలో, ఏది వదలాలో, ఏటికి దిగితే ప్రాణం ఎలా కాపాడుకోవాలో ఈ లేఖలో చెప్తున్నాను. ఇంతకుముందు మూడుసార్లు చెప్పాలని చూశాను. మొదటిసారి గ్రూపులో రాస్తే "అన్నా, లైట్ తీస్కో" అన్నారు. రెండోసారి సంఘం పెద్దలకు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మూడోసారి ఉగాది వేడుకలో పది నిమిషాలు మైకు ఇవ్వమని, అది కుదరకపోతే హాలు బయట ఒక బల్ల వేసుకోనివ్వమని అడిగాను. షెడ్యూల్ ఫుల్ అన్నారు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఏ సంఘం పేరూ, ఏ మనిషి పేరూ ఇందులో ఉండదు. ఎవరినీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు.

విషయానికి వస్తాను.

మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం గ్రూపులో ఒక ఫొటో పడింది. వంటింటి సింకులో అడ్డంగా పెట్టిన చేప. సింకు చాలక తోక బయటికి వేలాడుతోంది. వెండి రంగు పొట్ట, బుగ్గల మీద గులాబీ చార. పక్కనే స్టీలు గిన్నెలో, అప్పుడే కోసి తీసిన జన. కందిగింజలంత గుడ్లు, నారింజ రంగులో, గిన్నె నిండా. కింద వరసగా లైకులు. జన వేపుడు ఎలా చేయాలో ఒకావిడ అడిగింది. ఇంకొకాయన "లొకేషన్ పెట్టు బ్రో" అన్నాడు. నేను ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. వీపు మీద, తోకకి కొంచెం ముందు, చిటికెన వేలి గోరంత మెత్తటి రెక్క ఉంది. నిండుగా, చెక్కు చెదరకుండా ఉంది.

అది స్టీల్‌హెడ్ అనే చేప. ఆ రెక్క ఉందంటే ఏట్లో పుట్టి పెరిగిందని అర్థం. హ్యాచరీలో పెంచిన పిల్లలకి నీళ్ళలో వదిలే ముందే ఆ రెక్క కత్తిరించేస్తారు, మనం తేడా పోల్చుకోవాలనే. విల్సన్, ట్రాస్క్, నెస్టకా, నెహేలమ్ లాంటి ఒరెగాన్ ఉత్తర తీర నదుల్లో రెక్క లేని స్టీల్‌హెడ్‌ని లెక్క ప్రకారం ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉన్నది గాలానికి పడితే నీళ్ళలోనే విప్పి వదిలేయాలి. దక్షిణాన కొన్ని నదుల్లో పరిమితంగా సడలింపులు ఉన్నాయి, వాటికి ఏ ఏటికాయేడు నిబంధనల పుస్తకం చూసుకోవాల్సిందే. వాషింగ్టన్‌లో అయితే 2016 నుంచి ఏట్లో పుట్టిన స్టీల్‌హెడ్‌ని ఉంచుకోవడమే లేదు. 1969 నుంచీ అది ఆ రాష్ట్రపు చేప కూడా.

ఆ తమ్ముడికి ఇదంతా తెలియదు. అతను దొంగ కాదు. లైసెన్సు ఉంది, పట్టిన చేపల లెక్క రాసుకునే ట్యాగు ఉంది. రెక్క సంగతి చెప్పినవాళ్ళు లేరు, అంతే. నా బాధ అతని మీద కాదు. చెప్పే అవకాశం ఉండీ చెప్పనివ్వని మన మీద.

స్టీల్‌హెడ్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మనం చెరువుల్లో పట్టుకునే రెయిన్‌బో ట్రౌట్, ఈ స్టీల్‌హెడ్ ఒకే జాతి. ఒకటి పుట్టిన నీళ్ళలోనే బతుకంతా గడిపేస్తుంది. ఇంకోటి ఏట్లో రెండేళ్ళో మూడేళ్ళో పెరిగి, సముద్రానికి పోయి, అక్కడ తిరిగి తిరిగి పెద్దదై, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే ఎదురీదుకుంటూ వస్తుంది. ఈ తీర నదుల్లోకి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వస్తుంటాయి. గోదావరి వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. సముద్రంలో విలసగా ఉన్న చేప ఎర్రనీటికి ఎదురీది మన దగ్గరికి వచ్చేసరికి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నాం, తిన్నాం. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక దానికి పైకి పోయే దారి మూసుకుపోయింది. మిగిలిన ఆ కాస్త దూరంలోనూ వల మీద వల వేశాం. ఇప్పుడు ఒక్క పులస పడితే ఎంత ధర పలికిందో పేపర్లో వార్త రాస్తున్నారు. మా నాన్న చిన్నప్పుడు అది వార్త కాదు, కూర.

పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్ అన్నీ చావవు. కొన్ని నీరసంగా, సన్నబడి తిరిగి సముద్రానికి పోతాయి, కోలుకుని మళ్ళీ వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో దిగువకి జారుతూ గాలానికి పడే ఆ బక్కచేపలు బాలింతలు. ఆకలి మీద ఉంటాయి, ఏ ఎర వేసినా అందుకుంటాయి. సులువుగా పడింది కదా అని సంబరపడేవాళ్ళని చూశాను. ఆ మాంసం రుచిగా కూడా ఉండదు.

ఇంకో సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పోయినేడు ఏప్రిల్ మొదట్లో విల్సన్ ఒడ్డున నా కళ్ళముందు జరిగింది. ముగ్గురు స్టూడెంట్లు వచ్చారు. ముందురోజు రాత్రంతా వాన. నీళ్ళు పాల టీ రంగులో ఉన్నాయి. వాళ్ళలో ఒక అబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వేడర్లు, అంటే నీళ్ళలో నడవడానికి వేసుకునే తడవని ప్యాంటు, వేసుకున్నాడు. లోపలికి నీళ్ళు దూరకుండా నడుముకి కట్టే బెల్టు లేదు. నేను వద్దంటే "మోకాలి దాకానే ఉన్నాయి కదన్నా" అని నవ్వాడు. నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు కింద నేల లేదు. వేడర్లలోకి నీళ్ళు దూరాయి, మనిషి పక్కకి ఒరిగాడు, వడి లాక్కుపోయింది. అరవలేదు. ఆ చలికి ఊపిరి ఎగపీలుస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మలుపు దగ్గర పడవలో ఉన్న ఒక పెద్దాయన తెడ్డు అందించి లాగాడు. ఒడ్డున దుప్పటి కప్పి కూర్చోబెడితే పళ్ళు టకటకా కొట్టుకుంటూ ఆ అబ్బాయి అన్న మొదటి మాట, "అమ్మకి చెప్పకండన్నా."

అమెరికాలో నీట మునిగి తెలుగు పిల్లలు పోయిన వార్త వచ్చిన ప్రతిసారీ మనం గ్రూపుల్లో దండం బొమ్మలు పెడతాం, శవం ఇండియాకి పంపడానికి చందాలు వేస్తాం. ఆ చందా కోసం అడిగితే ఏ షెడ్యూలూ ఫుల్ కాదు. అదే ఏటికి దిగే ముందు చెప్పే మాటకి పది నిమిషాలు దొరకలేదు. ఇది కోపంతో రాయడం లేదు. ఆ అబ్బాయి ముఖం గుర్తొచ్చి రాస్తున్నాను.

మనం పట్టించుకోకపోతే ఎవరికి ఏమవుతుందో వరసగా చెప్తాను.

1. ప్రాణాలు పోతాయి. తీరం వెంట ఉన్న కోస్ట్ రేంజ్ కొండలు ఎత్తు తక్కువ, మంచు నిలవదు. అందుకని ఈ నదులన్నీ వాన నదులు. రాత్రి పడిన వాన తెల్లారేసరికి ఏట్లో ఉంటుంది. టిల్లమూక్ వైపు ఏడాదికి సుమారు 90 అంగుళాల వాన పడుతుంది. నిన్న నిలబడిన రాయి మీద ఇవాళ నిలబడగలమని అనుకోకూడదు. విల్సన్ మీద, ఇంకా చాలా నదుల మీద నీటిమట్టం కొలిచే ప్రభుత్వ గేజీలు ఉన్నాయి. నీరు ఎన్ని అడుగులుందో, పెరుగుతోందో తగ్గుతోందో ఫోన్లో గీతలా కనపడుతుంది. గీత పైకి పోతుంటే ఆ రోజు వెళ్ళొద్దు. గీత కిందికి దిగుతూ, నీరు తేటపడుతూ, లేత ఆకుపచ్చ రంగుకి వస్తే అదే మంచి సమయం. చేప కూడా అప్పుడే పడుతుంది. నెకానికమ్, కిల్చిస్ లాంటి చిన్న ఏర్లు త్వరగా తేటపడతాయి. నెహేలమ్ పెద్దది, దానికి రోజులు పడుతుంది. ఇవి ఇక్కడి పాతవాళ్ళకి వేళ్ళ మీద లెక్క. మనకెవరూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

2. ఏప్రిల్‌లో "ట్రౌట్ పట్టడానికి" వానపాములతో ఏట్లోకి వెళ్తున్నారు. ఒరెగాన్ ఉత్తర తీరపు ఏర్లలో ట్రౌట్ వేట మే 22 నుంచి అక్టోబరు 31 దాకానే. అంతకుముందు ఎందుకు వద్దన్నారో తెలుసా? వసంతంలోనే స్టీల్‌హెడ్, సాల్మన్ పిల్లలు గుంపులుగా సముద్రానికి దిగుతాయి. జానెడు పొడుగు, వెండి మెరుపు, వేలితో రాస్తే ఊడొచ్చే పొలుసు. అచ్చం ట్రౌట్ పిల్లలాగే ఉంటుంది, స్టీల్‌హెడ్ పిల్లయితే అసలు అదే జాతి. మనవాళ్ళు బకెట్లో పదీ పన్నెండు వేసుకుని పోవడం నేను చూశాను. రెండేళ్ళు ఏట్లో బతికి బట్టకట్టి, ఇక సముద్రం చూడబోతున్న పిల్లలవి. వాటిని పచ్చిమిరపకాయలు వేసి వేపుకుంటే పిడికెడు ముళ్ళు. వదిలేస్తే వాటిలో ఏవో కొన్నయినా మూడేళ్ళకి మోచేతి పొడవు దాటి తిరిగొస్తాయి.

3. గుడ్లు తొక్కేస్తున్నాం. ఆడచేప పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్ళు చిమ్మి గొయ్యి చేసి గుడ్లు పెడుతుంది, మళ్ళీ రాళ్ళతో కప్పుతుంది. చుట్టూ నాచు పట్టి గోధుమరంగులో ఉన్న రాళ్ళ మధ్య ఒక నవారు మంచమంత మేర కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. లోతు తక్కువ కాబట్టి నడవడానికి మనకి అదే సులువుగా ఉంటుంది. దాని మీద ఒక్కసారి నడిస్తే చాలు. జనవరి నుంచి మే దాకా అలాంటి తెల్లని చోటు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళండి. పురిటి గదిలోకి చెప్పులతో పోము కదా.

4. అందరికీ ఏరు మూతపడుతుంది. 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపిక్ ద్వీపకల్పం వైపు తీర నదుల్లో పడవలో నుంచి గాలం వేయడాన్ని, ఎర వాడకాన్ని ఆపేసింది. అయినా తగినన్ని చేపలు రాలేదని 2022లో మార్చి 1కే సీజన్ మూసేసింది. హో, బోగషీల్, సోల్ డక్ నదుల మధ్య ఫోర్క్స్ అనే చిన్న ఊరు ఉంది. మార్చి అంటే అక్కడ గైడులకి, లాడ్జీలకి, కాఫీ కొట్టుకి నాలుగు డబ్బులు కనపడే నెల. ఆ నెలే పోయింది. హో, క్విలియూట్, క్వినాల్ట్ అనే ఆదివాసీ తెగల వాళ్ళు తరతరాలుగా ఈ చేప మీద బతికారు. ఒప్పందాల ప్రకారం వాళ్ళకున్న హక్కుని 1974లో కోర్టు గట్టిగా నిలబెట్టింది, పట్టదగ్గ చేపల్లో సగం వాటా వాళ్ళదని చెప్పింది. కానీ చేపే లేకపోతే వాటా కాగితం మీద ఉండి ఏం లాభం? మన గాలాల వల్లే ఇంత జరిగిందని నేను అనను. 2014 నుంచి 2016 దాకా సముద్రం విపరీతంగా వేడెక్కింది. రోడ్ల కింద తూములు చేపల దారి మూసేశాయి. కారు టైర్ల నుంచి రాలే ఒక రసాయనం కోహో సాల్మన్‌ని గంటల్లో చంపుతోందని 2020లో వాషింగ్టన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఇన్ని దాటుకుని పైకి వచ్చిన చేప స్టీల్‌హెడ్. మన సింకులో ఆగిపోకూడదు.

5. జరిమానాలు, కేసులు. ఒరెగాన్‌లో 12 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ, వాషింగ్టన్‌లో 15 నిండినవాళ్ళకీ లైసెన్సు ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారి చేతికి సరదాగా గాలం ఇచ్చినా సరే, ఆయనకి ఒకరోజు లైసెన్సు తీసుకోవాలి. వాషింగ్టన్ లైసెన్సు ఏటా మార్చి 31తో అయిపోతుంది. ఏప్రిల్ మొదటి వారంలో పాతదాంతో పట్టుబడేవాళ్ళు ఉంటారు. వీసా మీద ఉన్న కుర్రాడికి పోలీసు కాగితం చేతికొస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

6. అమ్మకాలు. "ఫ్రెష్ స్టీల్‌హెడ్ పులుసు, ఆర్డర్ మీద" అని మెసేజ్ చూశాను. సరదాకి పట్టిన చేపని అమ్మడం రెండు రాష్ట్రాల్లోనూ నేరం. జన అమ్మినా అంతే.

చేపలు పట్టొద్దని నేను అనడం లేదు. గాలం వేయని గోదావరోడు ఉంటాడా? వసంతంలో మనవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్ళకి, తీరంలో చెరువులు ఉన్నాయి. ఫోర్ట్ స్టీవెన్స్ పార్కులో కాఫెన్‌బరీ లేక్, టిల్లమూక్ పక్కన కేప్ మేర్స్ లేక్, ఇంకొంచెం దక్షిణానికి పోతే టౌన్ లేక్, కొండ మీద హీబో లేక్. మార్చి నుంచి మే దాకా లారీల్లో తెచ్చి ట్రౌట్ వదులుతారు, ఏ వారం ఎక్కడ వదులుతారో ముందే ప్రకటిస్తారు. మనిషికి రోజుకి ఐదు, 8 అంగుళాలకి తగ్గకూడదు. ఆ చేపలు మనం పట్టుకోవడానికే పెంచినవి. శుభ్రంగా తెచ్చుకుని ఇగురు పెట్టుకోండి, ఏ తప్పూ లేదు. ఒక్కటే జాగ్రత్త. ఏప్రిల్ ఎండ వెచ్చగా ఉన్నా నీరు వెచ్చగా ఉండదు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి లేస్తుంది, గాలి నింపిన ప్లాస్టిక్ పడవల్ని ఒడ్డుకి దూరంగా తోసేస్తుంది. ఒరెగాన్‌లో 12 ఏళ్ళు, అంతకు లోపు పిల్లలకి కదిలే పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి అని చట్టం. పెద్దవాళ్ళు కూడా వేసుకోండి. ఫొటోలో లావుగా కనపడతామని తీసేసిన వాళ్ళని చూశాను, దయచేసి తీయకండి.

ఇక నేను కోరేవి. ఏదీ డబ్బుతో పని కాదు.

1. తీరానికి పిక్నిక్ పెట్టే ప్రతి సంఘం ఆ ఉదయం బస్సులోనో పార్కింగ్‌లోనో పది నిమిషాలు ఆగి నీటిమట్టం, లైఫ్ జాకెట్, లైసెన్సు గురించి తెలుగులో చెప్పాలి. చెప్పేవాళ్ళు లేకపోతే నేను వస్తాను.

2. గ్రూపు అడ్మిన్లు రెక్క ఉన్న స్టీల్‌హెడ్‌ని చంపిన ఫొటోని, చేప అమ్మకం మెసేజ్‌ని తీసేయాలి. పెట్టినవాళ్ళని అందరిలో తిట్టొద్దు. విడిగా ఫోన్ చేసి చెప్పండి, వింటారు. మొదట చెప్పిన ఆ తమ్ముడికి నేను ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే ఎవరైనా చెప్పుంటే వదిలేసేవాణ్ణి కదన్నా" అన్నాడు.

3. ఒక పేజీ కాగితం తెలుగులో రాశాను. రెక్క బొమ్మ, ట్రౌట్‌కీ సముద్రానికి పోయే పిల్లకీ తేడా, గేజి చూసే పద్ధతి, రెండు రాష్ట్రాల లైసెన్సు తేదీలు అందులో ఉన్నాయి. నా పేరు అక్కర్లేదు. తప్పులుంటే దిద్ది, మీ సంఘం పేరుతోనే వేసుకోండి. మన ఇండియన్ కిరాణా కొట్లలో బిల్లు కౌంటరు పక్కన అంటించండి.

4. వచ్చే ఉగాదికి ఒక బల్ల ఇవ్వండి. వేదిక మీద చోటు వద్దు. చేపల శాఖ నుంచి ఒక అధికారిని పిలిస్తే నేను పక్కన ఉండి తెలుగు చేస్తాను.

5. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి ఆగస్టులో మీరు పెట్టే ఓరియెంటేషన్‌లో బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సుతో పాటు చల్లని నీళ్ళ గురించి కూడా ఒక మాట ఉండాలి. వేడర్లకి బెల్టు అని ఒక్క ముక్క చెప్పినా చాలు.

మన ఆంధ్రా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి, చేప గుడ్లు పెట్టే కాలమని. అంతర్వేదిలో, ఉప్పాడలో, భీమిలిలో ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టమైనా వల ఎండేసుకుని కూర్చుంటారు. అది వాళ్ళ బతుకుతెరువు. ఇక్కడ మనకి ఇది వారాంతపు సరదా. మే 22 దాకా ఏటి ట్రౌట్ జోలికి పోకుండా ఆగడం మనకి అంత కష్టమేమీ కాదు.

మే 15 లోపు ఏ సంఘం నుంచైనా జవాబు వస్తుందని ఎదురుచూస్తాను. వచ్చినా రాకపోయినా మే నెలలో ప్రతి శనివారం పొద్దున్న ఎనిమిదింటి నుంచి కేప్ మేర్స్ లేక్ రేవు దగ్గర ఉంటాను. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు నాలుగు, పెద్దవాళ్ళవి రెండు తెస్తాను. గేజి ఎలా చూడాలో, రెక్క ఎక్కడ ఉంటుందో చేప మీదే చూపిస్తాను. ఫ్లాస్కులో టీ ఉంటుంది.

ఇట్లు,
ఒక కోనసీమవాడు
హిల్స్‌బరో, ఒరెగాన్
ఏప్రిల్ రెండో వారం